క్యాసెట్ చివర ఉన్న పేరు

లడ్లో,
ఆదివారం, ఆరాధన తర్వాత.

ప్రియమైన మేరియన్‌కు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం, అంటే నేనూ పిల్లీ, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. పిల్లికి ఒక పన్ను ఊడింది, నాకు బస్సులో గొడుగు పోయింది. నువ్వూ, మరిది గ్రేమ్, పిల్లలూ ఆ దూరదేశంలో చల్లగా ఉండాలని ఉదయం సాయంత్రం అడుగుతూనే ఉన్నాను. ఎవరిని అడుగుతానో నీకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. గ్రేమ్‌ను మోకాలి ఆపరేషన్‌కు భయపడవద్దని చెప్పు. మా చర్చిలో ఆర్గన్ వాయించే డెస్మండ్ రెండు మోకాళ్ళూ మార్పించుకుని, ఇప్పుడు పెడళ్ళు మునుపటికంటే గట్టిగా తొక్కుతున్నాడు. కష్టమంతా పాడేవాళ్ళకే. అమ్మ గది ఏం చేశావని అడిగావు. నవంబరులోనే సామాను తీసేశాను. నువ్వు కావాలన్న అద్దం దుప్పట్లో చుట్టి భద్రంగా పెట్టాను. ఆ గది సంగతి ఇంకా ఉంది, కింద రాస్తాను.

ఇక నీ పెద్ద ప్రశ్నలు రెండు. మీ స్నేహితులంతా కలిసి అక్కడి చలికాలానికి హత్యను కనిపెట్టే ఆట పెట్టె ఒకటి కొందామనుకుంటున్నారు, స్నేహితులతో ఆడదగినదేనా అన్నది మొదటిది. గ్లెనిస్ పేరు నా ఉత్తరాల్లో ఎందుకు కనిపించడం లేదన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అందుకే ఈసారి ఉత్తరం నా అలవాటుకు మించి పొడుగవుతోంది.

ముందు పెట్టె గురించి. నువ్వెప్పుడూ ఆడలేదన్నావు కనుక మొదటినుంచి చెబుతాను. ఆరుగురన్నా ఉండాలి. పెట్టెలో ఒక్కొక్కరికీ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. నువ్వెవరు, చచ్చినవాడితో నీకేం సంబంధం, నువ్వు దాచుకోవలసింది ఏమిటి, అన్నీ అందులో రాసి ఉంటాయి. పిలిచే ఇంటావిడ ఎవరికి ఏ పాత్రో ముందే పంచి కబురు చేస్తుంది. అందరూ ఆ వేషాల్లో భోజనానికి వస్తారు. తింటూ తింటూ ఒకరినొకరు నిలదీసుకుంటారు. అడిగినదానికి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి తీరాలి. అబద్ధమాడే హక్కు ఒక్క హంతకుడికే ఉంటుంది. చివరికి హంతకుడు నువ్వంటే నువ్వని అందరూ వేళ్ళు చూపించుకున్నాక, పెట్టెలో దాచిన జవాబు బయటపెడతారు. జవాబు తెలిసిపోయింది కనుక ఆ పెట్టె మళ్ళీ ఆ మనుషులకు పనికిరాదు. జాగ్రత్తగా మూసి పాతసామాన్ల దుకాణానికి ఇచ్చేస్తారు.

దీన్ని మా మధ్యకు తెచ్చింది రోవీనా. లండన్‌లో బడిపిల్లలకు నాటకాలు నేర్పి రిటైరై, కిందటి వేసవిలో నది పక్క వీధిలో పెద్ద ఇల్లు కొనుక్కుంది. అందరినీ బంగారం అంటుంది. ఉత్తరాలు తెచ్చే అతన్నీ బంగారం అంటుంది. మనిషి మంచిదే. ఈ మాట రాయడానికి నాకు కొంత సమయం పట్టిందని మాత్రం తెలుసుకో.

గ్లెనిస్, నేను ఒకే బడి ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని సగం జీవితం గడిపాం. ఆమె భర్త పోయినప్పటినుంచి గురువారం సాయంత్రాలు మా ఇద్దరివి. సూపు, రొట్టె, పేకాట, ఊరి సంగతులు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కూడా కాదు. కిందటేడు ఆమె ఉద్యోగం మానేసి, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసే ఆసుపత్రి వాళ్ళు నడిపే పాతసామాన్ల దుకాణంలో చేరింది. అక్కడే రోవీనా ఆమెకు దొరికింది. లేదా ఆమె రోవీనాకు దొరికింది. నేను ముప్పై ఏళ్ళుగా గ్లెనిస్ అని పూర్తిగా పిలుస్తున్నాను. ఆవిడకు మూడో వారానికే గ్లెన్ అయిపోయింది.

మొదటి పెట్టెకు రోవీనా మా ఇద్దరినీ పిలిచింది. పక్కింటి కీత్, అతని భార్య మోరీన్, డెస్మండ్ మిగతావాళ్ళు. ఏ రోజు వీలని మొహమాటానికైనా అడగలేదు, గురువారమైతే అందరికీ హాయి బంగారం అంది. గ్లెనిస్ సరేనంది. నేనూ సరేనన్నాను.

గ్లెనిస్‌కు నాట్యగత్తె పాత్ర, నాకు సన్యాసిని పాత్ర. తలకు ఈక, పెదాలకు ఎర్రరంగుతో గ్లెనిస్ మెట్లు దిగి వచ్చింది. ఆ ఈక రోవీనాదే, ఆ రంగూ రోవీనాదే. మా గురువారాల్లో ఆమె చెప్పులు మార్చుకుని వచ్చినా గొప్పే. నేను చర్చికి వేసుకునే నల్లకోటుతో వెళ్ళాను. అందరూ నా వేషం అద్భుతమన్నారు. గ్లెనిస్ అందరికీ వినబడేలా, "మనమంతా వేషం కట్టుకోవాలి, మా జూడీకి ఆ బాధ లేదు, ఇంట్లోంచి బయటకొస్తే చాలు" అంది. బల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది.

రెండో పెట్టెలో నేను పాదిరి గారి చెల్లెల్ని. ఏ పెట్టె కొన్నా అందులో ఒక భక్తురాలు ఉంటుంది మేరియన్, ఆ పాత్ర నాకే రాసిపెట్టి ఉంటుంది.

ఆట బాగుండలేదని అనను. నిజానికి బాగుంది, బాధ కూడా అదే. కీత్ లాంటి నోరు విప్పని మనిషి నౌకాదళ కమాండరై బల్ల గుద్ది మాట్లాడాడు. మోరీన్ తన మొగుణ్ణి, గురువారం రాత్రి ఎక్కడున్నావో చెప్పమని ఎంత గట్టిగా అడిగిందంటే, అది ఆటేనా అని డెస్మండ్ నన్ను మెల్లిగా అడిగాడు. గ్లెనిస్ ఎలా నవ్విందనుకున్నావు. వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకుంటూ. మా గురువారాల్లో ఆ నవ్వు నాకు చాలా అరుదుగా దక్కేది. ఇక్కడ రోవీనా పిలిచిందంటే వచ్చేస్తోంది.

ఆ రోజుల్లో నేను రోవీనా కోసం ప్రతి ఉదయం ప్రార్థన చేశాను. ఆవిడకు లండన్‌లో మంచి అవకాశం ఏదైనా రావాలని.

జనవరిలో గ్లెనిస్ అద్దె ఇంటి యజమాని, ఇల్లు అమ్మేస్తున్నాను, మార్చి నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. అమ్మ గది సంగతి ఇక్కడే వస్తుంది. నవంబరులో ఖాళీ చేసినప్పుడు నా మనసులో ఏ ఉద్దేశమూ లేదు. జనవరిలో గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించినప్పుడు ఉంది. ఒకసారి పెయింటు దుకాణం ముందు ఆగి ఆ రంగు బాగుందని గ్లెనిస్ అంది. కొత్త పరుపు వేయించాను, కిటికీకి తెరలు కుట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె అడుగుతుందని ఎదురుచూశాను. మనలాంటివాళ్ళ మధ్య ఆ మాత్రం చెప్పకుండానే తెలుస్తుందనుకున్నాను. పైవాణ్ణి మాత్రం రోజూ అడిగాను.

మూడో పెట్టె రోజున, పుడ్డింగు వడ్డిస్తూ రోవీనా అందరి ముందూ అనేసింది. "మేడ మీద అంతస్తంతా ఊరికే పడి ఉంది గ్లెన్ బంగారం. నీ సామాను తెచ్చి పడెయ్. నాకూ ఇంట్లో ఒక మనిషి తిరుగుతున్నట్టుంటుంది."

గ్లెనిస్ చెంచా కింద పెట్టింది. నావైపు చూసింది. నేను ఏదో ఒకటి అనవలసిన క్షణం అది. నేను కస్టర్డ్ గిన్నె అందించాను.

ఆలోచించుకుని చెబుతాను అంది గ్లెనిస్, రోవీనాతో.

ఆ వారమే నాకూ ఒక పెట్టె ఆడించాలని బుద్ధి పుట్టింది. గ్లెనిస్ దుకాణంలోనే అరలో పాతది ఒకటి కనిపించింది. ఓడలో హత్య. మన చిన్నతనం నాటిది, జవాబు క్యాసెట్‌లో ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ గొంతు మొదట వచ్చి కథ చెబుతుంది, ఆట అయ్యాక చివరి భాగం పెడితే హంతకుడెవరో చెబుతుంది. నాన్న క్యాసెట్ ప్లేయరు నా దగ్గర ఇంకా ఉంది కనుక సరిపోయింది. గ్లెనిస్ పెట్టె మీద దుమ్ము తుడిచి, అన్నీ సరిగ్గా ఉన్నాయి, నేనే చూశాను అని కాగితంలో చుట్టి ఇచ్చింది. నేను మనుషుల్ని పిలుస్తున్నానంటే ఆమెకు ఎంత ఆశ్చర్యమో.

గురువారమే పెట్టాను. ఆ రోజు మాది కనుక.

చేపలు, బంగాళాదుంపలతో ఫిష్ పై చేశాను, చివర్లో తీపికి రుబార్బ్ కాడలు ఉడికించాను. గ్లెనిస్‌కు రష్యా జమీందారిణి పాత్ర, రోవీనాకు ఒపేరా గాయని, కీత్‌కు ఓడ డాక్టరు. నాకు మిషనరీ. ఎవరూ ఆశ్చర్యపోలేదు. రోవీనా మెడ చుట్టూ నక్కతోలు చుట్టుకుని వచ్చి, ఇంత చక్కని చిన్న ఇల్లు పెట్టుకుని ఇన్నాళ్ళూ మమ్మల్ని పిలవలేదేం బంగారం అంది. నేను కోటు తీసుకుని తగిలించాను.

క్యాసెట్ పెట్టాను. ఇన్‌స్పెక్టర్ కథ చెప్పాడు. ఓడ ఖజానా అధికారి డెక్కు మీద చచ్చి పడున్నాడు. మొదటి విడత ప్రశ్నలు బాగానే సాగాయి. రెండో విడతలో, చేపల వంటకం సగం తిన్నాక, గ్లెనిస్ రోవీనావైపు తిరిగి, పన్నెండు గంటలకు నువ్వు డెక్కు మీదకి వెళ్ళావా అని అడిగింది. రోవీనా నోరు తెరిచింది. గ్లెనిస్ మొహం చూసింది. మెడనుంచి పైదాకా ఎర్రగా అయిపోయి, నక్కతోలులో మొహం దాచుకుంది.

"నేనే చంపాను గ్లెన్. నీ మొహం చూస్తూ అబద్ధం చెప్పడం నావల్ల కాదు."

అంతే, ఆట అయిపోయింది. రుబార్బ్ ఇంకా పొయ్యి మీదే ఉంది. పిల్లలకు ఇన్నేళ్ళు నాటకాలు నేర్పిన మనిషివి, ఇదేం నటన అని డెస్మండ్ అడిగితే, నేను నేర్పించాను గానీ ఏనాడూ వేయలేదు బంగారం, అందుకే నేర్పించాను అంది. గ్లెనిస్ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. నవ్వి, బల్ల మీదనుంచి చెయ్యి చాచి రోవీనా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను పళ్ళేలు తీశాను.

ఆట సగంలో ఆగినా జవాబు వినాలని మోరీన్ పట్టుబట్టింది. చివరి భాగం పెట్టాను. ఇన్‌స్పెక్టర్ అంతా స్పష్టంగా చెప్పుకొచ్చి, సరిగ్గా హంతకురాలి పేరు దగ్గర గొంతు సాగి, నీళ్ళలో మునిగినట్టు బుడబుడలాడి, మళ్ళీ తేలింది. పాపం ఓడ మునిగింది అన్నాడు కీత్. అందరూ నవ్వారు, గ్లెనిస్ తప్ప.

ఇంతవరకు రాసి, లేచి టీ పెట్టుకుని వచ్చాను మేరియన్. రాయకుండా ముగించేద్దామని కూడా అనుకున్నాను. నీకు కాకపోతే ఇంకెవరికి చెబుతాను.

పెట్టె తెచ్చుకున్న రోజే క్యాసెట్ చివరిదాకా విన్నాను. హంతకురాలు గాయని అని విన్నాను. విన్నాకే పాత్రలు పంచాను. రోవీనా నాటకాల మనిషి, ఎంత అందంగా అబద్ధమాడుతుందో గ్లెనిస్ కళ్ళారా చూడాలి అనుకున్నాను. మొహంలో మొహం పెట్టి, చిరునవ్వుతో, తడుముకోకుండా. చూశాక ఆ మేడ మీద అంతస్తు పిలుపు కూడా అలాంటిదేనేమో అన్న అనుమానం రావాలి. నా ఆలోచన ఇంతే. ప్రార్థన చేసుకునే కుర్చీలోనే కూర్చుని ఆలోచించాను. వింటున్నప్పుడు నాన్న ప్లేయరు టేపును నమిలింది, సరిగ్గా ఆ పేరు దగ్గరే. పెన్సిలు పెట్టి తిప్పి, టేపు సరిచేసి, వెనక్కి చుట్టి పెట్టాను.

అందరూ వెళ్ళాక గ్లెనిస్ గిన్నెలు తుడవడానికి ఉండిపోయింది. తుడుస్తూ, ఇంతకీ పాత్రలు ఎలా పంచావు జూడీ అని అడిగింది. టోపీలో చీట్లు వేశానన్నాను. ఆమె కళ్ళలోకి చూసే అన్నాను. నా గొంతు వణకలేదు. అవునా అంది. గుడ్డ ఆరేసి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చెప్పేటప్పుడు పెదాలు కదిపాను గానీ మాట రాలేదు. పశ్చాత్తాపపు రోజులు మొదలయ్యే భస్మ బుధవారం నాడు పాస్టరుగారు నుదుట బూడిదతో సిలువ గీశాక, చర్చినుంచి తిన్నగా దుకాణానికి నడిచాను. గ్లెనిస్ వెనక గదిలో, జనం ఇచ్చిపోయిన బట్టలకు ఆవిరి పడుతోంది. గదంతా తడి ఉన్ని వాసన.

తలుపు మూసి చెప్పాను. చీట్లు వేయలేదు, క్యాసెట్ మొత్తం విన్నాను, కావాలనే ఆ పాత్ర రోవీనాకు ఇచ్చాను.

ఆమె తలెత్తలేదు. జాకెట్ చేతి మడత సాపు చేస్తూ, "తెలుసు" అంది.

ఎలా తెలుసని అడిగాను.

"అమ్మేముందు పనిచేస్తుందో లేదో చూడాలిగా. ఆ క్యాసెట్ మొత్తం ఇక్కడే, ఈ బట్టలకు ఆవిరి పడుతూ విన్నాను. ఇన్‌స్పెక్టర్ గొంతు గంట కొట్టినట్టుంది. మీ ఇంటికొచ్చి పేరు దగ్గర మునిగాడు."

అంటే హంతకురాలెవరో ఆమెకు మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా రష్యా జమీందారిణి కిరీటం పెట్టుకుని వచ్చి, ఏమీ తెలియనట్టు కూర్చుంది. మరి ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"ఎలా చెప్పను జూడీ. నువ్వు నలుగుర్ని ఇంటికి పిలవడం నేను చూడనే లేదు. ఆ పెట్టె చంకలో పెట్టుకుని ఎంత సంబరంగా వెళ్ళావో నీకేం తెలుసు. నీ ఆట పాడుచెయ్యాలనిపించలేదు." ఆవిరి యంత్రం పక్కన పెట్టింది. "గిన్నెలు తుడుస్తూ అడిగాను కదా. చెబుతావేమో అని అడిగాను. అబద్ధమాడాల్సిన మనిషి ఆడలేక చచ్చింది. నిజం చెప్పాల్సిన మనిషివి నువ్వు, చీట్లన్నావు."

ఎందుకు చేశావని తర్వాత అడిగింది. అసూయ అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను, ఇంకేమీ కలపలేదు.

నువ్వు నమ్మవు గానీ ఆమె మొహం వెలిగింది.

"అసూయా. నీకా. నా కోసమా." కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీకు ఎవరంటే ఏమనిపిస్తుందో నాకు ఏనాడూ తెలీదు తల్లీ. రోవీనాకు కోపమొస్తే నది అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది. నీ పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నాను, నీకు కోపమొచ్చిందో ఆకలేసిందో ఎప్పుడూ చెప్పలేకపోయాను." కాసేపు నా నుదుటివైపు చూసింది. "ఆ బూడిద పెట్టుకున్నావు కనుక వచ్చి చెప్పావా, లేకపోయినా చెప్పేదానివా?"

తెలియదన్నాను. అది నిజం.

ఆ తర్వాతే అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అమ్మ గది ఖాళీగా ఉంది, నీకోసం రంగు వేయించాను, వచ్చి నాతో ఉంటావా అని అడిగాను.

"ఎప్పుడు వేయించావు?"

"జనవరిలో."

"జనవరిలో." ఆమె ఒళ్ళో ఉన్న జాకెట్‌ను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "మరి నాతో అనలేదేం?"

రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నానన్నాను.

"నా గురించి దేవుణ్ణి అడిగావా. ఆయన నాకేమీ చెప్పలేదు జూడీ."

నిన్ననే రోవీనాకు మాట ఇచ్చేశానంది. ఆ గురువారం వంటింట్లో నేను నిజం చెప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేదాన్నని కూడా అంది. నిష్ఠూరంగా అనలేదు, చొక్కా కొలత చెప్పినట్టు అంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు గ్లెనిస్. తీసుకొమ్మని నేనూ అనలేదు. రోవీనా దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పుకుంటానన్నాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"వద్దు. ఇంత మంచి పాత్ర జీవితంలో ఎవరూ ఇవ్వలేదని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటోంది. రొట్టెల కొట్టువాడికి కూడా చెప్పింది. నీ మనశ్శాంతి కోసం ఆవిడ సంబరం పాడుచెయ్యకు. నువ్వే మొయ్యి."

కనుక నేనే మోస్తున్నాను. ఇప్పుడు కొంచెం నువ్వు కూడా పట్టుకున్నావు.

ఆట గురించి నా అభిప్రాయం అడిగావు. కొనుక్కోండి. స్నేహితులతో ఆడదగినదే. పక్కన కూర్చుని సూపు తాగుతూ ఏళ్ళతరబడి తెలుసుకోలేనిది ఒక పూటలో తెలుస్తుంది. అలా తెలియడం ఇష్టం లేనివాళ్ళను పిలవకండి. నోరు విప్పని మనిషికి గట్టిగా అరిచే పాత్ర ఇవ్వండి. పాత్రలకు చీట్లు వెయ్యి మేరియన్, నిజంగా వెయ్యి.

నిన్న శనివారం గ్లెనిస్ ఇల్లు మారింది. కీత్ వ్యాన్ తెచ్చాడు. నేనూ వెళ్ళాను, వెళ్ళకపోతే ఆమె ఏమనుకుంటుందోనని కాదు, ఇంట్లో కూర్చుంటే ఆ వ్యాన్ ఎక్కడిదాకా వెళ్ళిందోనని వింటూ ఉంటానని. దీపాల మీద టోపీలన్నీ నేనే మోశాను. రోవీనా మేడ మీది గది నిజంగానే పెద్దది. నదివైపు కిటికీ, మధ్యాహ్నపు ఎండంతా అందులోనే. ఆ కిటికీని చూసి నాకెంత కడుపుమంట కలిగిందో రాయను. నేను వేయించిన ఆకుపచ్చ రంగు మబ్బురోజుల్లో బూడిదరంగులా కనిపిస్తుంది.

గ్లెనిస్ కింద కెటిల్ దగ్గరుంది. రోవీనా నడుం మీద చేతులు పెట్టుకుని గది మధ్య నిలబడి, "జుడిత్ బంగారం, మంచం ఎటు వెయ్యమంటావు? ఆవిణ్ణి అడిగితే ఎటైనా ఒకటే అంటుంది. ఎటైనా ఒకటే అంటే దానర్థమేమిటో నీకైతే తెలుస్తుంది" అంది.

నాకు తెలుసు. తెలియదందామని ఒక క్షణం అనిపించింది. అంటే ఎవరికీ తెలిసేది కాదు.

గ్లెనిస్‌కు ఎడమ చెవి వినిపించదని చెప్పాను. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది, ఎవరికీ చెప్పదు. ఎవరైనా గదిలోకి వస్తే అడుగుల చప్పుడు తెలియదు కనుక, కళ్ళు తెరవగానే తలుపు కనబడాలి, లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. మంచం తలాపి కిటికీ గోడకు పెట్టమన్నాను. ఇద్దరం కలిసి జరిపాం. రోవీనా రొప్పుతూ, అందుకేనా నేను చెప్పే సగం మాటలకు ఊరికే నవ్వి ఊరుకుంటుంది, నేనేమో నా చమత్కారమనుకున్నాను అంది. మొదటిసారి ఆవిడ మొహంలో చిన్నబుచ్చుకున్న ఛాయ చూశాను. చూసి సంతోషించాను, దేవుడు క్షమించాలి. సంతోషించి అక్కడితో ఆగి ఉండవచ్చు.

"బల్ల దగ్గర ఆమెకు కుడివైపు కూర్చోండి" అన్నాను. "అటువైపునుంచి మెల్లిగా చెప్పినా వింటుంది."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వెంత మంచిదానివి బంగారం అంది. కింద టీ పోసి ఉంది. అందరం కూర్చున్నాం. రోవీనా వెళ్ళి గ్లెనిస్ కుడివైపు కూర్చుంది. ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోటు అది. గ్లెనిస్ ఎడమవైపున ఒక కుర్చీ ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాను. రోవీనా ఏదో మెల్లిగా చెప్పింది. గ్లెనిస్ ఈసారి విని నవ్వింది.

ఇట్లు,
నిన్నూ నీవాళ్ళనూ రోజూ తలుచుకునే,
నీ పెద్దక్క జుడిత్